అప్‌డేట్: రాత్రి తీసిన రైలు ఇంజిన్ ఫొటోల్లో పచ్చ చుక్క పోయింది

మ్యూజియంలో ఉన్న జీజీ1 అనే పాత అమెరికన్ ఎలక్ట్రిక్ రైలు ఇంజిన్‌ని రాత్రిపూట తీస్తే, హెడ్‌లైటుకి సరిగ్గా ఎదురు మూలలో తలకిందులుగా ఒక పచ్చ చుక్క పడుతోందని అడిగాను కదా, కారణం దొరికింది. లెన్స్ ముందు బిగించిన యూవీ ఫిల్టరే, అంటే ఆ అదనపు గాజే. తీసేసి చూడమన్నవాళ్లకి చాలా థాంక్స్. సెన్సార్ క్లీనింగ్, లెన్స్ హుడ్, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) తగ్గించడం, వీటికీ దానికీ సంబంధమే లేదు. అంచులు మసకగా రావడం మాత్రం వేరే సమస్య, ట్రైపాడ్ మీద పెట్టినప్పుడు స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిదిద్దే ఏర్పాటు) ఆపేస్తే అదీ పోయింది. ఇప్పుడు వాడిన సెట్టింగులు: అపర్చర్ ఎఫ్8, ఐఎస్ఓ 100, ఎక్స్‌పోజర్ 15 సెకన్లు. ఇంజిన్ ముక్కు దగ్గర కలిసి పక్కలకి సాగే అయిదు బంగారు గీతలు ఇప్పుడు విడివిడిగా కనిపిస్తున్నాయి. 1983లో సర్వీసు నుంచి తప్పుకున్న ఇంజిన్, లైటు వెలిగితే ఇప్పుడే బయల్దేరేలా ఉంది.