కాలిపోయిన కార్డు నంబరును కొత్త కార్డుకు పెట్టుకుంటే తప్పా?

కొర్లగుంట కుర్రాడు:
పిడుగు పడి కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది. కొత్తది వేయించాను, కానీ నెట్ రావడం లేదు. మా కేబుల్ ఆపరేటర్ కనెక్షన్‌ను ఆ బోర్డులోనే ఉన్న పాత నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రసుకే, అంటే తయారీలోనే కార్డుకు ఇచ్చే గుర్తింపు నంబరుకే, ముడిపెట్టాడట. కొత్త నంబరు ఎక్కించాలంటే 300 రూపాయలు, నాలుగు రోజులు అంటున్నాడు. పాత నంబరు నా దగ్గర రాసి ఉంది. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, కార్డు అడ్వాన్స్‌డ్ ట్యాబులో నెట్‌వర్క్ అడ్రస్ దగ్గర ఆ 12 అక్షరాలూ టైపు చేస్తే చాలని స్నేహితుడు చెప్పాడు. చేయవచ్చా?

పట్టెడ హాస్టల్:
చేయవద్దు తమ్ముడూ. మొదటి ఆరు అక్షరాలు కంపెనీవి, ఐఈఈఈ అనే అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ కేటాయిస్తుంది. మిగతా ఆరు ఆ కార్డుకే సొంతం. దాన్ని మార్చడమంటే బండి ఛాసిస్ నంబరు గీకేయడమే. ఫోను ఐఎంఈఐ మారిస్తే నేరం కాదా? ఇదీ అంతే.

చిత్తూరు లైనక్స్:
అంతే కాదు. ఐఎంఈఐ మీద 2017లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చారు, అవి మొబైల్ పరికరాల గుర్తింపు సంఖ్యల కోసం. ఇక ఛాసిస్ పోలిక అసలు కుదరదు. ఇక్కడ ఎవరూ ఏదీ గీకడం లేదు. చిప్‌లో ఉన్న నంబరు అక్కడే ఉంటుంది, కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవరు, బయటికి వేరే నంబరు చెబుతుంది. గడి ఖాళీ చేస్తే పాతదే వస్తుంది. పైగా ఈ నంబరు మీ రౌటర్ దాటి ఇంటర్నెట్‌లోకి వెళ్లదు. కొండ కింద చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెను లాంటిది. పైన క్యూలో దాన్ని ఎవరూ అడగరు.

బాలాజీ కాలనీ:
300 కట్టేస్తే పోయేదానికి ఇంత చర్చా?

పట్టెడ హాస్టల్:
గీకడం లేదట! చెక్కింది చెక్కినట్టే ఉండి, పైకి మాత్రం వేరే పేరు చెప్పుకోవడాన్ని ఏమంటారు? అమెరికాలో ఆరన్ స్వార్ట్జ్ అనే ప్రోగ్రామర్ మీద పెట్టిన అభియోగపత్రంలో, ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు నెట్‌వర్క్‌లోకి రాకుండా అడ్డుకుంటే మ్యాక్ అడ్రసు మార్చి మళ్లీ లోపలికి వెళ్లారని రాయలేదా?

చిత్తూరు లైనక్స్:
రాశారు. కానీ పెట్టిన కేసు నంబరు మార్చినందుకు కాదు, అనుమతి లేకుండా చొరబడి లక్షల వ్యాసాలు దించుకున్నారని. ఈ అబ్బాయి తాను డబ్బు కట్టిన కనెక్షన్‌నే వాడుకుంటానంటున్నాడు. చాలా రౌటర్లలో మ్యాక్ క్లోన్ అనే సదుపాయాన్ని తయారీదారులే ఇస్తారు, సరిగ్గా ఈ అవసరానికే. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వాటంతట అవే ఒక్కో వైఫైకి ఒక్కో బూటకపు నంబరు చెబుతున్నాయి. కావాలంటే మీ హాస్టల్ వైఫైకి కలిసిన ఫోన్ల నంబర్ల జాబితా తీసి చూడండి. రెండో అక్షరం 2, 6, ఇంగ్లీషు A, E లలో ఒకటి అయితే అది కంపెనీ ఇచ్చిన నంబరు కాదు. మీ లెక్కన సగం హాస్టల్ దొంగ బండ్లే.

కేబుల్ పనివాడు:
మా గోడు కూడా వినండి. ముడిపెట్టకపోతే ఒక కనెక్షన్ తీసుకుని మేడ మీద మూడు వాటాలకు లాగుతారు.

కొర్లగుంట కుర్రాడు:
డబ్బు కట్టింది నేనా, నా కార్డా? అది కాలిపోతే నేనూ కాలిపోయినట్టేనా?

పట్టెడ హాస్టల్:
నీకు నవ్వులాటగా ఉంది. నా హాస్టల్‌లో ఒకడు ఇలాగే పక్క గది కుర్రాడి నంబరు పెట్టుకుని, చేయకూడని పనులన్నీ చేశాడు. ఎవరు ఎప్పుడు నెట్ వాడారో రాసిపెట్టే లాగ్‌లో పడింది పక్క గది కుర్రాడి నంబరు. ఇంతమంది పెద్ద మనుషులు మాట్లాడుతున్నారు కదా, దీనికి జవాబు చెప్పండి.

చిత్తూరు లైనక్స్:
లాగ్ చూసి ఆ పక్క గది కుర్రాణ్ణి మీరేం చేశారు?

బాలాజీ కాలనీ:
ఇప్పుడు వచ్చింది అసలు విషయం.

పట్టెడ హాస్టల్:
అడ్వాన్సు పట్టుకుని ఖాళీ చేయించాను. కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తానన్నాడు. మనుషులు అబద్ధం చెబుతారు, యంత్రం చెప్పదు అన్నాను. రెండు నెలల తర్వాత అసలువాడు వేరే గొడవలో దొరికి ఒప్పుకున్నాడు. అప్పటికి ఆ అబ్బాయి ఫోను నంబరు కూడా మారిపోయింది.

చిత్తూరు లైనక్స్:
అన్నగారూ, మిమ్మల్ని నొప్పించాలని కాదు. వైఫైలో సందేశానికి తాళం వేసినా ఈ నంబరు మాత్రం బయటే ఉంటుంది, కవరు మీద చిరునామాలాగా. పక్క గదిలో కూర్చుని ఎవరైనా చదువుకోవచ్చు. దాన్ని సాక్ష్యంగా తీసుకోవడమే పొరపాటు. గదికో లాగిన్, గదికో పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే ఈ పరిస్థితి వచ్చేది కాదు.

పట్టెడ హాస్టల్:
ఇప్పుడు ఇచ్చాను. అయినా ఒక మాట. నంబరు మార్చేవాడు లేకపోతే ఆ అబ్బాయి నా గదిలోనే ఉండేవాడు. తప్పంతా నమ్మినవాడిదే అంటే నేను ఒప్పుకోను.

చిత్తూరు లైనక్స్:
తప్పంతా అనలేదు.

కొర్లగుంట కుర్రాడు:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మొదట టైపు చేస్తే తీసుకోలేదు. మధ్యలో ఉన్న కోలన్లు తీసేసి 12 అక్షరాలూ వరుసగా కొట్టాను. నెట్ వచ్చింది!

కేబుల్ పనివాడు:
సంతోషం. పాత బోర్డు ఏం చేశావు?

కొర్లగుంట కుర్రాడు:
లీలామహల్ దగ్గర రిపేరు షాపులో 200కు ఇచ్చేశాను. లాన్ భాగం, అదే ఆ నెట్‌వర్క్ కార్డు, బతికే ఉంది, బాగుచేసి వాడుకుంటానన్నాడు.

కేబుల్ పనివాడు:
ఆ షాపుకు నెట్ ఎవరిది?

కొర్లగుంట కుర్రాడు:
మా ఆపరేటరే.

కేబుల్ పనివాడు:
ఒకే లైనులో రెండు యంత్రాలు ఒకే నంబరు చెబితే, ఏ వైపు పంపాలో లైన్లు కలిపే మా పెట్టెకు, అంటే స్విచ్‌కు, తెలియదు. ఇద్దరికీ వస్తూ పోతూ ఉంటుంది. అతను బోర్డు బిగించక ముందే వెళ్లి చెప్పిరా నాయనా.