తాతల నాటి చిట్టాలు వాటాలు వేసుకోవచ్చా?

గంటస్తంభం కుర్రాడు:
మాది విజయనగరం. ముత్తాత కాలం నుంచి బెల్లం, వేరుశనగ, గోగునార వ్యాపారం, నాన్న హయాంలో కొట్టు మూసేశారు. ఇప్పుడు పాత ఇల్లు అమ్ముతుంటే అటక మీంచి రెండు ట్రంకు పెట్టెలు దిగాయి. ఎర్రగుడ్డ బైండు చిట్టాలు, ఆవర్జాలు, ప్రోనోట్లు, ఇనుప తీగకి గుచ్చిన ఉత్తరాలు. ప్రతి పుస్తకం మొదటి పేజీలో పసుపు మరక, దాని పక్కన శ్రీరామ. పెదనాన్న గారి అబ్బాయిలు, అత్తయ్య వాళ్లు తలా కొన్ని పంచుకుందాం అంటున్నారు, బావ లామినేషన్ చేయించేద్దాం అంటాడు, చిన్నాన్నయితే పాత పేపర్లవాడికి వేసేయమంటారు. హుద్‌హుద్‌కి ఒక పెట్టెలో నీళ్లు దిగాయి, కొన్ని పేజీలు అట్టలు కట్టేశాయి. ఆ గొలుసుకట్టు రాత మాలో ఎవరికీ రాదు. ఏం చెయ్యమంటారు?

సిక్కోలు లైబ్రరీ:
ముందు మీ బావగారిని ఆపండి. వేడి చేసి అంటించిన ప్లాస్టిక్‌ని మళ్లీ తియ్యలేం, లోపల కాగితం పాడవుతూనే ఉంటుంది. సెల్లోటేపూ వద్దు. అట్టకట్టిన పేజీల్ని చాకుతో విడదీయకండి, వాటిని అలాగే పక్కన పెట్టి తెలిసినవాళ్లకి చూపించండి. తుప్పు పట్టిన తీగ తియ్యాల్సిందే గానీ, తీసే ముందు ఉత్తరాలు ఏ వరసలో ఉన్నాయో ఫొటో తీసి, వెనక మూలన మెత్తటి పెన్సిల్‌తో నంబరు వెయ్యండి, పెన్ను వద్దు.

వాటాల సంగతి. చిట్టా అంటే రోజువారీ లెక్క, ఆవర్జాలో మనిషి పేరు మీద ఖాతా. ఆవర్జాలో ప్రతి పద్దు పక్కనా ఉండే అంకె మామూలుగా చిట్టా పేజీ నంబరే. చిట్టా హైదరాబాద్‌లో మీ అన్నయ్య దగ్గర, ఆవర్జా విశాఖలో మీ అత్తయ్య దగ్గర ఉంటే ఆ అంకె ఎందుకూ పనికిరాదు, రెండూ గుడ్డివైపోతాయి. వెండి చెంబులు పంచుకున్నట్టు పంచుకునేవి కావివి. అన్నీ ఒక్కచోటే ఉంచి, అందరికీ ఫొటో కాపీలు ఇవ్వండి.

మణుగు మాస్టారు:
బాబూ, చదవడం మీరు భయపడేంత కష్టం కాదు. ముందు అంకెలు పట్టుకోండి. 5-8-3 అని ఉంటే ఐదు రూపాయల ఎనిమిదణాల మూడు పైసలు, అప్పట్లో అణాకి 12 పైసలు, రూపాయికి 16 అణాలు. 1957 ఏప్రిల్ నుంచి నయాపైసలు వచ్చాయి గనక తేదీ చిరిగిపోయిన పేజీ ఆ ముందుదో తరవాతదో తెలిసిపోతుంది. బెల్లం లెక్క మణుగుల్లో ఉంటుంది, 8 వీశెలు ఒక మణుగు. ఇంగ్లీషు ఉత్తరాల్లో చికాకోల్ అని కనపడితే మన శ్రీకాకుళమే. పాత గుమాస్తాలెవరైనా బతికుంటే కూర్చోబెట్టి చదివించి, ఫోన్లో రికార్డు చెయ్యండి, ఈ పని మాత్రం రేపటికి వాయిదా వెయ్యొద్దు.

ఇంకో మాట, పాత పేజీలు గట్టిగా ఉండి తరవాతి కాలంవి పెళుసుగా ఉంటే ఆశ్చర్యపోకండి. పాతది గుడ్డపేలికల కాగితం, తరవాతది కలప గుజ్జుది. రాసిన చోటే చిల్లులు పడితే పురుగు అనుకోకండి, ఇనుము కలిసిన సిరా కాగితాన్ని తినేసింది.

పార్వతీపురం ప్లీడరు:
నేను కొంచెం తేడాగా చెప్తాను. ఒకరింట్లో ఉంచితే ఆ ఒకరి పిల్లలు పారేస్తారు, నా కళ్లతో చూశాను. డిజిటల్ చేశాక అసలు ప్రతులు ఏదైనా ఆర్కైవ్స్‌కి ఇవ్వడమే మేలు, అందరి సంతకాలతో, ఏమేం ఇచ్చారో జాబితా జతచేసి. 2003లో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్ (ఇప్పుడు జ్ఞాన భారతం మిషన్) లెక్కల పుస్తకాల కోసం కాదు, వాళ్ల దృష్టి గ్రంథాల మీద, కాబట్టి అక్కడికెళ్లి తిరిగొచ్చి తిట్టుకోవద్దు. 75 ఏళ్లు దాటిన చారిత్రక విలువ ఉన్న రికార్డులు 1972 చట్టం కింద పురావస్తువుల లెక్కలోకి రావచ్చు, అమెరికాలో ఉన్న తమ్ముడికి సూట్‌కేసులో పంపించెయ్యకండి.

స్థలాల దస్తావేజులు విడిగా తీసి లాకర్లో పెట్టండి. ప్రోనోట్లు పట్టుకుని ఎవరైనా వసూలు చేద్దాం అంటే నవ్వి ఊరుకోండి, మూడేళ్లతో కాలదోషం పడుతుంది. అయితే వాటిని ఫేస్‌బుక్‌లో పెట్టకండి! అప్పు తీసుకున్నవాళ్ల మనవలు ఇంకా అదే ఊళ్లో ఉంటారు, పరువు పోతుంది.

సిక్కోలు లైబ్రరీ:
ప్లీడరు గారి మాటే రైటు, ఇంట్లో ఉంచమని నేనూ అనలేదు, చీల్చొద్దన్నానంతే. ఇచ్చేలోగా జాబితా మాత్రం పెట్టెలోని వరస ప్రకారమే రాయండి, సైజుల వారీగా సర్దెయ్యకండి.

గంటస్తంభం కుర్రాడు:
అందరికీ థ్యాంక్సండీ. ఈ పోస్టు చిన్నాన్నకి చదివి వినిపించాను, పాత పేపర్లవాడు క్యాన్సిల్. గుమాస్తా గారొకరు రాజాంలో ఉన్నారట, ఆదివారం వెళ్తున్నాం. పెట్టెల్లో కలరా ఉండలు వెయ్యొచ్చా?

సిక్కోలు లైబ్రరీ:
వద్దు, ఆ వాసన మనుషులకే మంచిది కాదు. పెట్టెల్ని నేలమీద పెట్టకుండా, గోడకి ఆనించకుండా, గాలి తగిలే గదిలో బల్ల మీద ఉంచండి. నెలకోసారి తెరిచి చెదలున్నాయేమో చూసుకోండి. ఎండలో మాత్రం ఆరబెట్టొద్దు.