ఆశా కార్యకర్తల శిక్షణ: ఊపిరి లెక్క తప్పుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (కళ్యాణదుర్గం): దగ్గు, విరేచనాల మీద ఆశాలకు రెండు రోజుల శిక్షణ ఉంది. ఒకే బిడ్డకు నిమిషానికి ఊపిరి ఒకరు 38 అంటారు, ఇంకొకరు 54. ఎక్కడ పొరపాటు? ఓఆర్‌ఎస్, జింక్ ఎలా నేర్పాలి?

జవాబు (ఆదోని): చాలామంది 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేస్తారు. పసిబిడ్డ ఊపిరి ఒకే తీరున ఉండదు, నిండా నిమిషం చూడాల్సిందే. ఏడుస్తున్నా, పాలు తాగుతున్నా వద్దు. చొక్కా పైకెత్తి, పొట్ట లేచిన ప్రతిసారీ ఒకటి. 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40; లెక్క అంతే ఉన్నా, అంతకు మించినా వేగమే. 2 నెలల లోపు బిడ్డకు 60 గానీ అంతకు మించి గానీ వస్తే ఇంకోసారి లెక్కించి, అప్పుడూ అంతే ఉంటే వెంటనే పంపండి. డొక్కలు లోపలికి పీకుతుంటే లెక్కతో పని లేదు, ఆసుపత్రికే.

జవాబు (పులివెందుల): ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు. గ్లాసుకు చిటికెడు వేసే అలవాటు మాన్పించండి, పాళ్లు తప్పితే మందు కాదు. లీటరు సీసా తెప్పించి, వాళ్ల చేతులతోనే కలిపించండి. 24 గంటలు దాటితే పారబోయాలి. వాంతయితే 10 నిమిషాలాగి చెంచాతో మెల్లగా. జింక్ 6 నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, 2 నుంచి 6 నెలలకు సగం మాత్ర, చనుబాలలో కరిగించి. విరేచనాలు ఆగగానే తల్లులు మానేస్తారు; 14 రోజులూ వేయాలి.

ప్రశ్నించినవారు: సరే, మొదటి రోజంతా గడియారం, బిడ్డలే. ఫ్లిప్‌చార్ట్ రెండో రోజుకు.