సమస్య: కమల మడుగు వీడి కారు నడిపె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇదీ.

*కమల మడుగు వీడి కారు నడిపె*

ఆటవెలది నాలుగో పాదం. గణాలు (అక్షరాల గుంపులు) అయిదూ సూర్యగణాలే, క–కా యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కలవడం. పై మూడు పాదాలు మీరు పూరించాలి. మొన్న మా మేనకోడలి పాపకు బారసాల జరిగింది. మా నాయనమ్మ పేరు కమలమ్మ కదా, కమల అని పెడదామన్నాను. ఇంటిల్లిపాదీ నన్ను రేషన్ కార్డులోంచి ఊడిపడ్డవాణ్ణి చూసినట్టు చూశారు. ఆ ఉడుకులో పుట్టింది ఈ పాదం. షరతులు రెండే. ఎన్నికల గుర్తుల జోలికి పోవద్దు. కమల అనే అమ్మాయి కారు నడిపింది అని చేతులు దులుపుకోవద్దు, మడుగు సంగతి కూడా తేల్చాలి.

గోదారి గట్టు:
బోణీ నాది.

పల్లె చెరువు గట్టు పక్కన పుట్టిన
పిల్ల చదువుకొనియె పెద్ద చదువు
కొలువు కలిగినంత కోరి పట్నము జేరి
కమల మడుగు వీడి కారు నడిపె

నిర్వాహకుడు:
గణాలు, యతులు శుభ్రంగా ఉన్నాయి. ధార బాగుంది. ఒక మాట. "పట్నము జేరి" దగ్గర చే ను జే చేసి సరళం వేసిన చెయ్యి "పక్కన పుట్టిన" దగ్గర ఎందుకు వదిలేసింది? "పక్కనఁ బుట్టిన" అవ్వాలి. పాత వ్యాకరణం పాటిస్తే అంతటా పాటించాలి, లేదా అంతటా వదిలేయాలి. ఇక అసలు చిక్కు: మొదటి పాదంలో చెరువు, చివర మడుగు. ఊరి నీళ్ళు రెండు పేర్లతో వచ్చాయి గానీ, మడుగు వీడడంలో విశేషమేమీ తేలలేదు.

గోదారి గట్టు:
అరసున్న లెక్కలు వేస్తూ కూర్చుంటే కొలువు పోతుందండీ! సరే, సవరించుకుంటాను.

వరిమడి:
కమల అంటే లక్ష్మి. కారు అంటే మోటారు కారు కాదు, వానకారు, ఎండకారు అంటామే, ఆ కారు. వానాకాలపు సాగు అన్న అర్థంలో తీసుకున్నాను.

వాన కురియు వేళ వరుసగా మొలకెత్తు
సిరుల నిచ్చు తల్లి సేద్యమునకు
పాలకడలి కూన పంటచేలకు వచ్చి
కమల మడుగు వీడి కారు నడిపె

నిర్వాహకుడు:
భేష్! "పాలకడలి కూన" చదవగానే నవ్వొచ్చింది, ముద్దుగా కూడా ఉంది. కారును రుతువు చేయడం నాకు తట్టనే లేదు. అయితే మూడో పాదంలో చేలకు వచ్చేసింది, నాలుగో పాదంలో మడుగు వీడుతోంది. ఇల్లు కదలకముందే ఊరు చేరినట్టుంది. "పంటచేలను దల్చి" అంటే క్రమం కుదురుతుంది, గణాలూ చెడవు.

ఇంకో మేలు చేశారు మీరు. పువ్వు కమలం, లక్ష్మి కమల. అమరకోశం నీటి వర్గంలో తామర పేర్ల వరుసలో "సహస్రపత్రం కమలం" అంటుంది. లక్ష్మి పేర్లు చెప్పే చోట "పద్మాలయా పద్మా కమలా" అంటుంది. పిల్లకు కమల అని పెట్టినప్పుడు పువ్వు పేరు పెట్టామనుకుంటాం గానీ, వ్యాకరణం ప్రకారం పెట్టింది దేవత పేరు. దశమహావిద్యలనే పదిమంది దేవతల్లో పదో ఆమె కూడా కమలే.

కొత్త కలం:
గురువుగారూ, మొదటి ప్రయత్నం. తప్పులుంటే తిట్టకండి.

బురదలోన పుట్టి పువ్వుగా విరిసింది
నీట నుండి ఎపుడు తడిసి పోదు
అట్టి పేరు గలిగి హాయిగా నవ్వుతూ
కమల మడుగు వీడి కారు నడిపె

నిర్వాహకుడు:
తిట్టడమెందుకు తమ్ముడూ, నా మొదటి పద్యం చూస్తే నువ్వే ఓదారుస్తావు. మొదటి పాదంలో బు–పు వర్గయతి చక్కగా పడింది. మూడో పాదంలో అ–హా కూడా చెల్లుతుంది. రెండో పాదంలో గణాలు సరే, యతే తప్పింది: నీ–త కలవవు. "తాను నీట నున్న తడిసి పోదు" అను, తా–త కుదురుతుంది. పద్యమంతా వాడుకభాషలో నడిపావు కాబట్టి విరిసింది, నవ్వుతూ ఉండనీ.

వృక్షశాస్త్రం మాస్టారు:
యతి సంగతి మీరు చూసుకోండి, తడి సంగతి నాది. తడవనిది పువ్వు కాదు బాబూ, ఆకు. తామరాకు మీద నీటిబొట్టు అన్నారు గానీ తామరపువ్వు మీద అనలేదు పెద్దలు. ఆకు పైన కంటికి కనబడని బుడిపెలు, వాటి మీద మైనం. చుక్క ఆనుకోవడానికి చోటు దొరక్క గుండ్రంగా దొర్లిపోతుంది, పోతూ పోతూ దుమ్ము కూడా తుడుచుకుపోతుంది. దీన్ని లోటస్ ఎఫెక్ట్ అంటారు. గోడలకు వేసే మురికి అంటని రంగులు ఈ కిటుకు చూసి చేసినవే. ఇంకొకటి. చాలామంది కలువను తామర అనేస్తారు. కలువ ఆకు నీటి మీద తేలుతుంది, ఒక పక్క చీలిక ఉంటుంది. ముదిరిన తామరాకు గొడుగులా నీటిపైకి లేచి నిలబడుతుంది, చీలిక ఉండదు.

ముప్పై ఏళ్ళు హాజరు పిలిచినవాణ్ణి, పేర్ల గురించి కూడా ఒక మాట. ఉద్యోగంలో చేరిన కొత్తలో తరగతికి ఒక కమలో సరోజో పద్మో తప్పనిసరిగా ఉండేది. నళిని, జలజ, వనజ సరేసరి. వనజ అంటే అడవిలో పుట్టినదనుకునేవారు పిల్లలు. వనమంటే నీరు కూడా అని చెబితే ఆ పేరుగల అమ్మాయే నోరు తెరిచింది. రిటైరయ్యే నాటికి నీరజ ఒక్కతే మిగిలింది, కమల ఒక్కరూ లేరు. అన్నీ తామరలే అయినా అచ్చతెలుగులో తామర అని మాత్రం ఎవరూ పెట్టలేదు. ఎందుకు పెడతారు, ఆ మాటకు చర్మవ్యాధి అంటుకుంది గదా!

గోదారి గట్టు:
మాస్టారూ, మా చంటాడు కమల అంటే పండు అనుకుంటాడు. కమలాపండు వలిచి పెట్టమంటాడు.

వృక్షశాస్త్రం మాస్టారు:
వాడి తప్పేం లేదు. బెంగాలీ పిల్లవాణ్ణి అడిగినా నారింజనే చూపిస్తాడు.

షికాగో చలి:
అందరికీ నమస్కారం. నా పేరే కమల. కాబట్టి నిర్వాహకుల రెండో షరతు నాకు వర్తించదని నా వాదన.

అమ్మ పెట్టినట్టి యచ్చమౌ పేరుతో
కడలి దాటి పోయి కాలు మోపి
మంచు దేశమందు మంచి కొలువు పొంది
కమల మడుగు వీడి కారు నడిపె

ఇక్కడికి వచ్చిన కొత్తలో నా పేరు పలకలేక మా ఆఫీసువాళ్ళు తంటాలు పడేవారు. కామల, కమాలా, ఒకాయనైతే కమేలియా. 2020లో కమలా హారిస్ ఉపాధ్యక్షురాలిగా గెలిచాక ఆ బాధ తీరింది, కానీ అందరూ ఆవిడ పేరులాగే పిలవడం మొదలుపెట్టారు. కామా అనే విరామచిహ్నంలా మొదలుపెట్టమని ఆవిడే చెప్పింది. ఎన్నికల గుర్తు ఎత్తలేదు, గమనించగలరు.

నిర్వాహకుడు:
కమల గారూ, మీకు షరతు మాఫీ. కడలి దాటినామెకు మడుగు ఒక లెక్కా అనిపిస్తుంది గానీ, పద్యంలో సొంత గొంతు ఉంది. ఛందస్సు ప్రకారం మీ ఆఫీసువాళ్ళ నేరం చిన్నది కాదు. క–మ–ల మూడు లఘువులు (పొట్టి అక్షరాలు), న గణం, సూర్యగణం. కామల అనగానే ఒక గురువు (పొడుగు అక్షరం), రెండు లఘువులు, అంటే భ గణం. సూర్యగణం కాస్తా ఇంద్రగణమైపోయి నా సమస్య మొదటి అడుగులోనే కుంటుపడింది. పైగా ఆయుర్వేదంలో కామల అంటే కామెర్లు!

మొగలిరేకు:
షికాగో కమల గారి మాటతో ఒకటి గుర్తొచ్చింది. హారిస్ తల్లి శ్యామలా గోపాలన్. ఆ శ్యామల తండ్రి పూర్వీకుల ఊరు తులసేంద్రపురం, తమిళనాడులో తిరువారూరు జిల్లా. తిరువారూరు త్యాగరాజస్వామి గుడి కోనేరు పేరేమిటో తెలుసా? కమలాలయం. గుడిలో అమ్మవారు కమలాంబ. ముత్తుస్వామి దీక్షితులు నవావరణ కీర్తనలు పాడింది ఆమె మీదే. మన త్యాగయ్య పుట్టిందీ ఆ ఊళ్ళోనే. హారిస్‌కు ఆ పేరు కోనేరును బట్టి పెట్టారని నేననడం లేదు. కానీ నిర్వాహకులు మడుగేదీ, మడుగేదీ అంటున్నారు కదా, ఆ సీమలో కమలకు అంత మడుగు సిద్ధంగా ఉంది.

నా పూరణ మాత్రం నీళ్ళలోకి దిగలేదు. అడుగులకు మడుగులొత్తడం అంటాం చూడండి, ఆ మడుగు నీటిమడుగు కాదు. ఉతికిన వస్త్రం. గొప్పవాళ్ళు నడిచే దారిలో పరిచేది.

అడుగడుగున వంగి యణగి యుండుట మాని
సొంత కాళ్ళ నిలిచి చూపెఁ దెగువ
పరుల పాదములకుఁ బరచుచుండిన యట్టి
కమల మడుగు వీడి కారు నడిపె

నిర్వాహకుడు:
అమ్మా, లేచి నిలబడి చదివాను. సమస్య ఇచ్చినవాడికి తెలియని తలుపు తీశారు. అడుగు అన్న మాటను మొదట్లోనే పెట్టి మడుగును చివరిదాకా దాచారు. సొం–చూ యతి నిక్షేపంగా ఉంది. అరసున్నలు కూడా వాటి చోట్ల అవి కూర్చున్నాయి, గోదారి గట్టు గారు గమనించాలి. వంకే పెట్టాలంటే, "యట్టి" గణం నింపడానికి వచ్చింది. అది మనందరికీ ఉన్న జబ్బే. ఈ వారం మొదటి స్థానం మీదే.

వరిమడి:
నాకూ ఒక చిన్న వంక కనిపించిందండీ మొగలిరేకు గారూ. సొంత కాళ్ళ మీద నిలబడ్డాక మళ్ళీ కారెందుకు?

మొగలిరేకు:
కాళ్ళు నొప్పి పుట్టాయి అన్నయ్యా. అంతసేపు నిలబెట్టారు మరి.

కొత్త కలం:
గురువుగారూ, రెండో పాదం మార్చి రాసుకున్నాను. ఇంతకీ పాపకు ఏం పేరు పెట్టారు?

నిర్వాహకుడు:
నీరజ. అది తామరేనని వాళ్ళకింకా చెప్పలేదు.