మలాన్సాంగ్ ఇస్దా: కుళ్ళిన చేపా, నీచు కొట్టే చేపా?

ప్రశ్న: ఫిలిప్పీన్స్‌లో ఏటా ఆగస్టులో జరుపుకునే భాషా మాసంలో బడిపిల్లలు వల్లించే రెండు పాదాలను ఒక అనువాద వ్యాసంలో చూశాను. "ఆంగ్ హిందీ మగ్మహాల్ సా కన్యాంగ్ సలితా, మహిగిత్ సా హాయొప్ ఆత్ మలాన్సాంగ్ ఇస్దా." దీనిని వ్యాసకర్త "తన భాషను ప్రేమించనివాడు పశువు కంటే, కుళ్ళిన చేప కంటే హీనుడు" అని తెనిగించారు. చేపతోనే పూట గడిచే దీవులలో చేప పేరు తిట్టు ఎలా అయింది? అక్కడి వంటకు దుర్వాసన ఎక్కువని బయటివారు అనే మాటను ఆ పద్యమే ఒప్పుకున్నట్లు కాదా?

జవాబు: ముందుగా "కుళ్ళిన" అన్న విశేషణాన్ని తీసివేయవలసి ఉంటుంది. ఆ పద్యం భాష అయిన తగాలోగ్‌లో కుళ్ళినదానిని "బులొక్" అంటారు. తాజాదనం పోయి కళ్ళు మసకబారిన చేపను "బిలాసా" అంటారు. పాచిపోయిన అన్నానికీ కూరకూ "పానిస్" అనే మాట ఉంది. పద్యంలో వీటిలో ఏదీ లేదు. అక్కడున్న "లాన్సా" పచ్చి చేపకూ, నెత్తురుకూ, పచ్చి గుడ్డు సొనకూ ఉండే వాసనకు పేరు. అప్పుడే వలలోంచి తీసిన చేపకు కూడా అది అంతో ఇంతో ఉంటుంది. మన భాషలో దీనికి అచ్చంగా సరిపోయే మాట నీచు, కొన్ని జిల్లాలలో నీసు. గుడ్డు విషయంలో కవుచు అని కూడా అంటాం. ఇంగ్లీషులో ఇంత నిర్దిష్టమైన మాట వాడుకలో లేకపోవడం వల్ల ఆ అనువాదాలలో అది కంపుగా మారింది, వాటిని చూసి తెలుగు చేసినవారి చేతిలో ఆ కంపు కుళ్ళుగా ముదిరింది.

ఈ తేడా వంటగదిలో చాలా పెద్దది. ఫిలిప్పీనీయుల వంటలో లాన్సాను తీయడం ఒక ప్రత్యేకమైన పని. చేపను వెనిగర్, అల్లం, వెల్లుల్లితో ఉడికించే పక్సివ్‌లోనూ, పచ్చి చేప ముక్కలను వెనిగర్‌లో ఊరవేసే కినిలావ్‌లోనూ, చింతపండు పులుపుతో కాచే సినిగాంగ్‌లోనూ పులుపు ఉన్నది రుచి కోసం మాత్రమే కాదు. మిందనావ్ దీవి ఉత్తర భాగంలో కినిలావ్‌కు తబొన్‌తబొన్ అనే కాయ రసాన్ని ప్రత్యేకంగా ఈ వాసన విరగడానికే కలుపుతారు. సముద్రపు చేప చనిపోయాక దాని కండలోని ఒక పదార్థాన్ని సూక్ష్మజీవులు ట్రైమిథైలమైన్‌గా మారుస్తాయి; నీచుకు ముఖ్య కారణం అదే. అది క్షార గుణం కలది కాబట్టి పులుపు తగలగానే గాలిలోకి లేవని లవణంగా మారిపోతుంది. చింతపండు పిసికి చేపల పులుసు పెట్టే మన ఇళ్ళలో కూడా జరిగేది ఇదే కాబట్టి, ఈ మాట విషయంలో తెలుగు పాఠకునికి ఇంగ్లీషు మధ్యవర్తిత్వం అక్కరలేదు.

ఇక చేపను ఉప్పులో ఊరవేసి చేసే బగొఓంగ్ సంగతి. బయటివారు ఫిలిప్పీన్స్ వంటల వాసన గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా దీనినే తలచుకుంటారు. పంగసినాన్ రాష్ట్రంలోని లింగాయెన్ వైపు చేసే రకానికి మన నెత్తళ్ళ జాతి చేపలనే వాడతారు. సుమారు మూడు పాళ్ళ చేపకు ఒక పాలు ఉప్పు కలిపి నెలల తరబడి జాడీలలో ఉంచుతారు. అంత ఉప్పులో చేపను పాడుచేసే సూక్ష్మజీవులు బతకలేవు. చేప కడుపులోని పాచక రసాలే దాని మాంసకృత్తులను మెల్లగా విడగొడతాయి. పైకి తేరిన ద్రవం పాతిస్, అడుగున మిగిలిన ముద్ద బగొఓంగ్. చిట్టి రొయ్యలతో చేసేది అలమాంగ్. పచ్చి మామిడి ముక్కకు అద్దుకున్నా, వేరుశనగ ముద్దతో వండే కరెకరె పక్కన పెట్టుకున్నా, ఇలోకోస్ వారి పినక్బెత్ అనే కూరగాయల వంటకంలో వేసినా దాని వాసన గదంతా తెలుస్తుంది. ఆ వాసన లాన్సా కాదు. ముక్కుకు గుచ్చుకునే ఘాటుకు "మసాంగ్‌సాంగ్" అని మరో మాట ఉంది. ఒకటి వండేముందు పోగొట్టవలసినది, మరొకటి నెలలు కాచుకుని తెచ్చుకున్నది. రెంటినీ ఒకే గాట కట్టడం ముక్కు చేసే పొరపాటు కాదు, అలవాటు లేకపోవడం వల్ల వచ్చేది.

ఈ మాట నా కంటే చాలా ముందే, స్పానిష్ పాలనను ఎదిరించిన రచయిత, ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు హొసే రిసాల్ అన్నాడు. మనీలాలో ఉన్నత పదవిలో పనిచేసిన స్పానిష్ అధికారి అంతోనియో దె మోర్గా 1609లో మెక్సికోలో అచ్చు వేయించిన చరిత్రలో, ఈ దీవులవారు చేప చెడి వాసన కొట్టడం మొదలైన తరువాతే ఇష్టంగా తింటారని రాశాడు. రిసాల్ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని ఆ గ్రంథానికి నకలు రాసుకుని, 1890 నాటి పారిస్ ప్రతిలో దాని కింద వ్యాఖ్య చేర్చాడు. తమకు అలవాటు లేని తిండిని చూసి ఏవగించుకోవడం అన్ని జాతులకూ ఉన్నదేననీ, నత్తలు తినే స్పానియార్డును చూసి ఇంగ్లీషువాడు హడలిపోతాడనీ, సొరచేప తినే చైనీయుడు ఘాటు వాసన గల రోక్‌ఫోర్ అనే ఫ్రెంచి చీజ్‌ను భరించలేడనీ చెప్పి, మోర్గా చెప్పిన చేప బగొఓంగేననీ, తిన్నవారికి అది కుళ్ళినది కాదని తెలుసుననీ తేల్చాడు. మీరు అడిగిన పాదాలు కూడా పరంపరగా రిసాల్ పేరు మీదే ఉన్నాయి కాబట్టి, ఆ పద్యం తమ వంటను తామే నిందించుకుందన్న అనుమానానికి ఇంతకంటే సూటి జవాబు దొరకదు.

అయితే పద్యం ఆయనదేనా అన్నది వేరే తగవు. ఎనిమిదేళ్ళ వయసులో 1869లో రాశాడని చెబుతారు. కానీ ఆయనను కాల్చి చంపిన పదేళ్ళకు, అంటే 1906లో గాని అది అచ్చులోకి రాలేదు. పైగా అందులో స్వేచ్ఛకు వాడిన "కలయాన్" అనే తగాలోగ్ మాట తనకు పెద్దయ్యాక గాని తెలియలేదని 1886లో అన్నగారికి రాసిన ఉత్తరంలో రిసాల్ స్వయంగా చెప్పుకున్నాడు. నాకు ఈ సాక్ష్యం బలంగానే కనిపిస్తుంది. కర్త ఎవరైనా "లాన్సా" అర్థం మారదు.

మరొక సభ్యురాలు: మా అమ్మాయి దవావ్‌లో వైద్యవిద్య చదువుతోందండీ. అక్కడ ఘాటైన వాసన గల డూరియన్ పండు నగరానికే గుర్తు, అయినా చాలా హోటళ్ళు దానిని గదుల్లోకి తేనివ్వవట. ఎండుచేప వేయించే విషయంలో కూడా అక్కడివారే ఒకరినొకరు విసుక్కుంటారట. మరి ఏవగింపు బయటివారిదే అని ఎలా అనగలం?

జవాబు: అనలేమమ్మా, మీరన్నది న్యాయమే. తుయొ అనే ఉప్పు ఎండుచేపను వేయిస్తే వీధి చివరిదాకా తెలుస్తుంది. అది చాలాకాలం లేనివారి తిండిగా పేరుపడింది. ఇప్పుడు అదే తుయొను ముల్లు తీసి, నూనెలో వేసి, గాజు సీసాకెత్తి కానుకగా ఇచ్చుకుంటున్నారు. వాసన పెద్దగా మారలేదు గాని కొనేవారు మారారు. మనకూ ఈ బుద్ధి కొత్త కాదు: చేపనూ మాంసాన్నీ కలిపి "నీచు" అనే జిల్లాలలో "ఈ పూట నీచు ముట్టం" అన్నప్పుడు అది కేవలం వాసన పేరుగా మిగలదు. ఉచ్చారణలో దగ్గరగా ఉన్న సంస్కృత "నీచ" శబ్దం దాని మీద నీడ వేస్తుంది. కన్నడంలో కంపు అంటే ఈనాటికీ పరిమళమే, మన నోట అదే మాట ముక్కు మూయిస్తుంది.

అందువల్ల అనువాదంలో "నీచు చేప" అని రాస్తే చదివేవారికి "నీచమైన చేప" అని వినబడే ప్రమాదం ఉంది. పద్యం చేపను కించపరచడం లేదని నా అభిప్రాయం. కడగకుండా, పులుపు తగలకుండా, ఎవరి చేయీ పడకుండా మిగిలిపోయిన పచ్చి చేపను అది ఎత్తి చూపుతోంది. "మహిగిత్" అంటే మించినది అని కాబట్టి నేనైతే "తన మాటను ప్రేమించనివాడు పశువునూ, నీచు కొట్టే చేపనూ హీనతలో మించినవాడు" అని రాస్తాను. "కొట్టే" అన్న క్రియ ఉండటం వల్ల అది వాసన సంగతేనని చదివేవారికి వెంటనే తెలుస్తుంది.