పీజీబెంచ్ పాత స్క్రిప్టులు కొత్త వెర్షన్‌లో ఆగిపోతున్నాయి, ఏం చెయ్యాలి?

ప్రశ్న:
నమస్కారం అండీ. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 9.4 రోజుల్లో, దాని వేగం కొలిచే పీజీబెంచ్ టూల్ కోసం రాసుకున్న స్క్రిప్టులు నలభై దాకా ఉన్నాయి. కొత్త వెర్షన్‌లో మొదటి లైన్‌కే ఎర్రర్. ఏదో ఒక అంకెని యాదృచ్ఛికంగా ఎంచే సెట్‌రాండమ్ అనే కమాండే లేదంటోంది. దాన్ని అలాగే ఉంచి కొత్తది చేరిస్తే ఏం పోయేది? స్క్రిప్టులు మార్చాలా, పాత పీజీబెంచ్‌నే వాడుకోవాలా? మారిస్తే పాత అంకెలతో పోల్చుకోవచ్చా అన్నదే నా అసలు టెన్షన్.

జవాబు:
సెట్‌రాండమ్‌ని 2016లో, 9.6 వెర్షన్‌లో తీసేశారండీ. ఇప్పుడు సెట్ కమాండ్‌లోనే రాండమ్ ఫంక్షన్ రాయాలి. పాత ‘సెట్‌రాండమ్ ఏఐడీ 1 100000’ ఇప్పుడు ‘సెట్ ఏఐడీ రాండమ్(1, 100000)’ అవుతుంది. పాతదానిలోనూ కొత్తదానిలోనూ 1, 100000 కూడా లెక్కలోకి వస్తాయి, కాబట్టి ఫలితం మారదు. సెడ్ అనే టెక్స్ట్ మార్చే టూల్‌తో ఫైళ్లన్నీ ఒకేసారి మార్చేయొచ్చు.

పాత పీజీబెంచ్‌నే ఉంచుకోవద్దు. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి పాస్‌వర్డ్‌లు డిఫాల్ట్‌గా స్క్రామ్ అనే భద్రతా పద్ధతిలో ఉంటాయి. వెర్షన్ 10కి ముందు పీజీబెంచ్ వాడే లైబ్రరీకి ఆ పద్ధతి తెలియదు, లాగిన్ దగ్గరే ఆగుతుంది. కొత్త పీజీబెంచ్ ఒక్కటే తీసుకుని పాత సర్వర్‌నీ కొత్త సర్వర్‌నీ దానితోనే కొలవండి.

ప్రశ్న:
మార్చానండీ, అన్నీ నడుస్తున్నాయి. కానీ ఒక స్క్రిప్టులో టీపీఎస్ (సెకనుకు ట్రాన్సాక్షన్లు) బాగా పడిపోయింది. అందులో ఒకే లైన్‌లో అప్‌డేట్, సెమికోలన్, ఇన్‌సర్ట్, సెమికోలన్ ఉన్నాయి.

జవాబు:
నేను భయపడేది దీనికేనండీ. 9.6కి ముందు లైన్ అయిపోతే కమాండ్ అయిపోయినట్టు. మీ అప్‌డేట్, ఇన్‌సర్ట్ రెండూ సర్వర్‌కి ఒకే మూటగా వెళ్లేవి, ఒకే ట్రాన్సాక్షన్, ఒకే కమిట్ (మార్పుల్ని ఖాయం చేయడం). 9.6 నుంచి సెమికోలన్ దగ్గర కమాండ్ ముగుస్తుంది. ఇప్పుడు రెండుసార్లు వెళ్తున్నాయి, రెండు కమిట్‌లు పడుతున్నాయి. సర్వర్ నెమ్మదించలేదు, మీరు కొలిచే పనే మారింది.

పీజీబెంచ్ డిఫాల్ట్‌గా వాడే సింపుల్ మోడ్‌లోనైతే, కొత్త వెర్షన్లలో ఆ మధ్య సెమికోలన్‌కి ముందు బ్యాక్‌స్లాష్ పెడితే మళ్లీ ఒకే మూటగా వెళ్తాయి. బిగిన్, కమిట్ మధ్య పెట్టినా కమిట్ ఒకటే అవుతుంది గానీ సర్వర్‌కి రాకపోకలు పెరుగుతాయి. నమ్మకం కుదరాలంటే సర్వర్‌లో లాగ్ స్టేట్‌మెంట్ సెట్టింగ్‌ని ‘ఆల్’ చేసి (వచ్చిన ప్రతి కమాండ్ లాగ్‌లో పడుతుంది), పీజీబెంచ్‌ని మైనస్ టీ 1 ఆప్షన్‌తో ఒక్కసారి నడిపి, పాత లాగ్‌నీ కొత్త లాగ్‌నీ పక్కపక్కన చూడండి.

మీరడిగిన మొదటి మాటకొస్తే, సెట్‌రాండమ్‌ని హెచ్చరికతో ఇంకో వెర్షన్ ఉంచాల్సిందనే నేనూ అంటాను. తీసేసినా కనీసం ఎర్రర్ ఇచ్చింది, మీకు వెంటనే తెలిసింది. సెమికోలన్ సంగతి అలా కాదు. ఎస్‌క్యూఎల్ రెండు మూడు లైన్లలో రాసుకునే వీలు కావాలంటే లైన్ చివర ముగింపు అన్న పాత నియమం వదులుకోవాల్సిందే, రెండూ కలిపి ఉంచే దారి లేదు. రెండు వెర్షన్లలోనూ నడవాల్సిన స్క్రిప్టుంటే ఒక్కో కమాండ్‌ని ఒక్కో లైన్‌లో రాసి, చివర సెమికోలన్ పెట్టండి.

ప్రశ్న:
బ్యాక్‌స్లాష్ పెట్టానండీ, లాగ్‌లు సరిపోయాయి. మిగతా ఫైళ్లలోనూ ఒకే లైన్‌లో రెండు కమాండ్లున్నవి వెతుకుతున్నాను, ఇప్పటికి ఆరు దొరికాయి.