కొన్ని బిల్లులకి నిన్నటి తేదీ పడుతోంది, బగ్ ఎక్కడుందో దొరకట్లేదు

మారతహళ్లి_పీజీ:
మెడికల్ షాపుల బిల్లింగ్ ప్రోగ్రాం మాది. కొన్ని బిల్లులకి ముందు రోజు తేదీ పడుతోంది, అన్నిటికీ కాదు. కిందటి రిలీజ్‌లో లేదు, ఇప్పుడుంది, మధ్యలో ఆరువందల పైచిలుకు కమిట్‌లు (కోడ్‌లో సేవ్ చేసిన మార్పులు). కోడ్‌లో అనుమానం వచ్చిన చోటల్లా, అక్కడేం జరుగుతోందో చూపించే ప్రింట్ లైన్ పెట్టుకుంటూ పోయా, నాలుగు రోజులైంది, ఇప్పుడు ఏ ప్రింట్ ఎందుకు పెట్టానో నాకే గుర్తులేదు. నా లాప్‌టాప్‌లో మాత్రం ఆ బగ్ రమ్మన్నా రాదు. మీరైతే ఎక్కడ మొదలుపెడతారు? సోమవారం మేనేజర్‌కి చెప్పాలి, టెన్షన్‌గా ఉంది.

సిల్క్‌బోర్డ్_ట్రాఫిక్:
ముందు ఆ ప్రింట్‌లన్నీ పీకెయ్ తమ్ముడూ. పాత రిలీజ్‌లో లేదని ఖాయమైతే గిట్ బైసెక్ట్ వాడు, కోడ్ మార్పుల్ని దాచే గిట్‌లో చెడగొట్టిన కమిట్‌ని వెతికే కమాండ్ అది. బాగున్న కమిట్ ఒకటి, చెడింది ఒకటి చెప్తే సరిగ్గా మధ్యది తీసిస్తుంది, నువ్వు టెస్ట్ చేసి ఎలా ఉందో చెప్పడమే, ప్రతిసారీ సగం ఎగిరిపోతుంది. ఆరువందలకి పది సార్లు చాలు, వెయ్యున్నా పదే. టెస్ట్‌ని స్క్రిప్ట్‌గా రాసి బైసెక్ట్ రన్‌కి ఇస్తే అదే టెస్ట్ చేసుకుంటుంది, నువ్వు టీకి వెళ్లిరావచ్చు. బిల్డ్ అవని (నడిచే ప్రోగ్రాంగా తయారవని) కమిట్ తగిలితే స్క్రిప్ట్ 125 కోడ్‌తో బయటికి రావాలి, అప్పుడే దాన్ని వదిలేస్తుంది. అది తెలియక నేనోసారి తప్పు కమిట్ పట్టుకుని పక్క టీంతో పొద్దంతా గొడవపడ్డా.

గోంగూర_పచ్చడి:
లాప్‌టాప్‌లో రానిదానికి బైసెక్ట్ ఏం చేస్తుందండీ? ముందు దాన్ని రప్పించాలి. తప్పు బిల్లులూ మంచి బిల్లులూ పక్కపక్కన పెట్టి, ఏ టైంకి కొట్టినవో చూడు. తప్పువన్నీ అర్ధరాత్రికీ తెల్లారి అయిదున్నరకీ మధ్యవైతే నీ సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉన్నట్టే. మనం దానికంటే 5:30 గంటలు ముందు కదా, దానికింకా నిన్నే. లాప్‌టాప్ టైమ్‌జోన్ యూటీసీకి మార్చి, రాత్రి రెండింటి బిల్లు ఒక్కటి ఇచ్చి చూడు. ఒక్కటంటే ఒక్కటే, ఫైల్ మొత్తం కాదు.

మారతహళ్లి_పీజీ:
అన్నీ రాత్రివే అక్కా! జోన్ మార్చగానే నా దగ్గరా వచ్చింది. బైసెక్ట్ తొమ్మిదో సారికి తేల్చింది, క్లీనప్ పేరుతో, మన టైమ్‌జోన్ పెట్టే లైన్ ఎవరో తీసేశారు. తేదీ తీసేముందు అయిదున్నర గంటలు కలిపేస్తే సరిపోతుందిగా?

గోంగూర_పచ్చడి:
వద్దు బాబూ! రేపు ఎవరైనా సర్వర్‌ని మన టైంకి మారిస్తే సాయంత్రం ఆరున్నర దాటిన బిల్లులన్నిటికీ రేపటి తేదీ పడుతుంది. తీసేసిన లైన్ వెనక్కి పెట్టు, ఆ రాత్రి రెండింటి బిల్లుని టెస్టుల్లో చేర్చు.